మిణుగురులు – గడ్డిపూలు – ఛాయాగ్రహణము

తొలకరి వాన కురిసి వెలిసిన సాయంకాలమున పొలము గట్లపైన, చెరువు కాలువల వెంట, ముళ్ళకంచెల నీడలలో చిన్న చిన్న వెలుగులు మిణుకుమిణుకుమనుచు తిరుగుట మనలో చాలమంది చిన్ననాట చూచినదే. వానినే మనము మిణుగురు పురుగులందుము. తెలుగున 'మిణుగురు' అనగా నిప్పురవ్వ అను అర్థము కూడ కలదు. సంస్కృతమున దీనికి 'ఖద్యోతము' అని పేరు; ఆకాశమున ప్రకాశించునది అని అర్థము. 'జ్యోతిరింగణము' మరియొక పేరు. కదలాడు వెలుగు అని దాని భావము. ఉర్దూలో ఇదియే 'జుగ్నూ'. మన కళాశాలకు ఉర్దూ మాధ్యమమున చదివి వచ్చిన విద్యార్థులకు అల్లామా ఇక్బాల్ రచించిన 'హమ్‌దర్దీ' అను బాలగేయము పరిచితమే. ఆంగ్లకవి విలియం కౌపర్ ననుసరించి వ్రాసిన ఆ గేయమున, చీకటిలో గూటికి దారి తెలియక దిగులుపడుచున్న బుల్బుల్ పిట్టకు జుగ్నూ తోడై దారి చూపును. సూర్యునితో పోల్చి మిణుగురును అల్పముగా చెప్పుట మన కావ్యములలో వాడుక. ఆ గేయమున మాత్రము అది ఉపకారి.

ఈ మిణుగురులను, అవి వాలి విశ్రమించు గడ్డిపూలను కెమెరాతో చిత్రించుట ఎట్లో ఈ వ్యాసమున వివరింపదలచితిమి. ఖరీదైన కెమెరా లేని విద్యార్థి కూడ నేడు చేతిలోని సెల్‌ఫోనుతో ఈ పని కొంతవరకు చేయగలడు. అయితే పద్ధతికి ముందు ఒక పొరపాటును చెప్పవలసియున్నది. అది ఇతరులది కాదు, మాదే.

మా పొరపాటు

గత జూన్ మాసమున తొలి వానలు పడిన నాలుగవ నాడు ఐదుగురు విద్యార్థులతో కలిసి, కళాశాల వెనుక గోడకు, చెరువు కాలువకు నడుమనున్న ఖాళీ స్థలమునకు వెళ్ళితిమి. ఆ స్థలము అందరు ఎరిగినదే. గడ్డి చామంతి, తుమ్మి, వెంపలి, ఉత్తరేణి మొక్కలు అచట మోకాలెత్తున పెరిగియుండును. నడుమ రెండు జిల్లేడు పొదలున్నవి. సందె వెలుగు పూర్తిగా పోయిన పిమ్మట గడ్డిలో ఒక వెలుగు కనబడెను; తరువాత నాలుగు, తరువాత పది; చూచుచుండగనే లెక్కకు అందకుండ పోయెను. వానిలో ఒకటి మా ఎదుటనే తుమ్మిపూవుపై వాలి వెలుగసాగెను.

ఆ దృశ్యము చేజారునేమో అను ఆతురతతో మేము ఫ్లాష్ వెలిగించి చిత్రము తీసితిమి. మరుక్షణమున ఆ పురుగు ఆరిపోయెను. చుట్టునున్న వెలుగులు కూడ ఒక్కొక్కటిగా సన్నగిల్లెను. చిత్రమును చూచుకొనగా అందులో వెలవెలబోయిన ఒక పూవు, దానిపై గోధుమరంగు పురుగు ఒకటి, అంతే కనబడినవి. ఏ వెలుగు కొరకు వెళ్ళితిమో ఆ వెలుగు అందులో లేదు. "సార్, మనం దేనికోసం వచ్చామో దాన్నే ఆర్పేశాం" అని ఒక విద్యార్థిని మెల్లగా అనెను. దానికి మావద్ద సమాధానము లేకపోయెను.

విద్యార్థులందరు 'చాచా' అని పిలుచు రాత్రి కాపలా పెద్దాయన అప్పటికి మా ప్రక్కనే నిలిచియున్నాడు. "జుగ్నూకు అంధేరా కావాలె సాబ్. ఆ గోడకు పెద్ద లైటు పెట్టినప్పటి సంది అటు పక్కకు ఒక్కటి గూడ వస్తలేదు" అని చేయి చూపెను. చూడగా అది అక్షరాల నిజము. గోడ దీపము కాంతి పడుచున్న సగము నేలపై ఒక్క మిణుగురు లేదు. జిల్లేడు పొదల నీడ పడిన సగములోనే అన్నియు ఉన్నవి. రెండు భాగములలో గడ్డి ఒకటే, పూలు ఒకటే, భేదమెల్ల వెలుతురులోనే. ఆ రాత్రి నుండియే మా అసలు పాఠము మొదలైనది.

చల్లని దీపము

మిణుగురు పెంకుపురుగుల వర్గమునకు చెందిన కీటకము. శాస్త్రజ్ఞులు దీని కుటుంబమును లాంపిరిడే అందురు. ఇందు 2,000 కు పైగా జాతులు గుర్తింపబడినవి. దీని దీపము పొట్ట చివరి భాగమున క్రిందివైపు ఉండును. మన ప్రాంతమున కనబడు రకములలో సాధారణముగ మగదానికి రెండు ఖండములు, ఆడుదానికి ఒక ఖండము వెలుగును. దగ్గరగా తీసిన చిత్రమున ఆడు మగ భేదమును తెలిసికొనుటకు ఇది సులభమైన గుర్తు.

ఈ వెలుగు రహస్యమును మొదట పట్టుకొన్నవాడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రఫాయేల్ దుబోయి. కాంతినిచ్చు జీవులపై పరిశోధన చేసి, వెలుగునకు కారణమైన పదార్థమునకు లూసిఫెరిన్ అనియు, దానిని పనిచేయించు ఎంజైమునకు లూసిఫెరేస్ అనియు 1887లో పేర్లు పెట్టెను. ఈ రెంటితోపాటు ప్రాణవాయువు, జీవకణములకు శక్తినిచ్చు ఏ.టి.పి. కూడ కావలెనని అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమునకు చెందిన విలియం మెకెల్‌రాయ్ 1947లో నిరూపించెను. తన ప్రయోగములకు కావలసిన మిణుగురులను ఆయన బాల్టిమోర్ నగరపు పిల్లలచే డబ్బిచ్చి పట్టించెడివాడు. ఈ విద్యనే నేడు ఆహారపదార్థములలో సూక్ష్మజీవుల జాడ కనిపెట్టుటకు ఉపయోగించుచున్నారు.

పాత కాలపు తీగె బల్బు తాను తీసికొను విద్యుచ్ఛక్తిలో అధికభాగమును వేడిగా పోగొట్టును. మిణుగురు దీపము ముట్టుకొన్నను వేడి తెలియదు. లూసిఫెరిన్ అణువులు నూరు మార్పు చెందిన యెడల 88 కాంతికణములు వెలువడునని చాలకాలము నమ్మిరి. 2008లో జపాను శాస్త్రజ్ఞులు మరల కొలిచి ఆ సంఖ్య సుమారు 41 అని తేల్చిరి. సంఖ్య తగ్గినను వింత తగ్గలేదు.

ఇక ఈ వెలుగు దేనికొరకు? మగ మిణుగురు ఎగురుచు తన జాతికి తగిన లయలో మెరయును. ఆడుది గడ్డిపైననో, పూవుపైననో కూర్చుండి, ఆ లయను గుర్తించి మెల్లగా బదులు మెరయును. ఇట్లు ప్రశ్నోత్తరములు జరిగిన పిమ్మట రెండును కలిసికొనును. చాల జాతులలో పెద్ద పురుగు బ్రతుకు కొన్ని వారములు మాత్రమే. కనుక మనము వేడుకగా చూచు ప్రతి మెరుపును ఒక పిలుపో, ఒక బదులో. గట్టిగా మాటలాడువారి నడుమ మెల్లగా చెప్పిన మాట వినబడనట్లు, పెద్ద దీపము ముందు ఆ చిన్న బదులు కనబడదు. బదులు కనబడనిచో జత కుదరదు. జత కుదరనిచో మరుసటి యేడు మిణుగురు లేదు.

పూలకు, నేలకు గల సంబంధము

మిణుగురులు పూలపై ఎందుకు వాలును? చాల జాతులలో పెద్ద పురుగులు ఆహారమే తీసికొనవు. కొన్ని మాత్రము పూలతేనెను త్రాగును. అమెరికాలో మిల్క్‌వీడ్ అను పాలమొక్క పూలపై అనేక జాతుల మిణుగురులు వాలి తేనె త్రాగుటను లిన్ ఫాస్ట్, హ్యూ ఫాస్ట్ అనువారు పరిశీలించి 2014లో ప్రకటించిరి. మన జిల్లేడు ఆ మొక్కకు చుట్టమే. అయినను మన మొక్కలపై వాలిన ప్రతి మిణుగురును తేనె కొరకే వచ్చినదని చెప్పరాదు. ఆడుదానికి తన దీపము దూరమునకు కనబడునట్టి ఎత్తు కావలెను. పగటి ఎండ నుండి, పిట్టల నుండి దాగుటకు ఆకు అడుగు కావలెను. గడ్డిపూవు ఈ రెంటికిని అనువైన చోటు.

అంతకంటె ముఖ్యమైన సంబంధము మొక్కల మొదళ్ళలో ఉన్నది. మిణుగురు గ్రుడ్లు తడి నేలలో పొదుగును. వాని పిల్లపురుగులు నేలలో, కుళ్ళిన ఆకులలో తిరుగుచు నత్తలను, వానపాములను వేటాడి తిని చాల నెలలు, కొన్ని జాతులలో ఒకటి రెండు ఏండ్లు పెరుగును. మనము చూచు నాలుగు రాత్రుల వెలుగునకు వెనుక అంత దీర్ఘమైన చీకటి బ్రతుకున్నది. కావున కలుపు మందు చల్లి నేలను శుభ్రపరచితిమని సంతోషించు చోట మిణుగురుల పురిటిల్లు పోయినదని తెలియవలెను. టఫ్ట్స్ విశ్వవిద్యాలయపు సారా లూయిస్ మొదలగువారు ప్రపంచమందలి మిణుగురు నిపుణుల అభిప్రాయములను సేకరించి 2020లో ప్రకటించిరి. అందు నివాసస్థలముల నాశనము మొదటి ముప్పుగను, రాత్రివేళ కృత్రిమ కాంతి, పురుగుమందులు ఆ వెనుకటివిగను తేలినవి.

తిరుగాడు వెలుగులను చిత్రించుట

ఇక పద్ధతికి వత్తము. స్థలమును పగటివేళ చూచి ఎంచుకొనవలెను. చీకటిలో కాలుపెట్టు చోట పాము, పల్లేరు, గుంత ఏదైనను ఉండవచ్చును గనుక కాళ్ళకు బూట్లు తప్పనిసరి. సూర్యాస్తమయమునకు ముందే ట్రైపాడ్ నిలిపి, కెమెరాను బిగించి, వెలుతురుండగనే ఒక పూమొక్కపై ఫోకస్ సరిచేసి, తరువాత ఆటోఫోకస్ ఆపివేయవలెను. లేనిచో కెమెరా చీకటిలో వెదకులాడుచు, కొన్ని రకములలో తనంతట తానే ఎర్రని దీపమును వెలిగించును. ఫ్లాష్‌ను మూసివేయవలెను. తెర వెలుగును పూర్తిగా తగ్గించవలెను.

సందె కాంతి మిగిలియుండగా నేల, మొక్కలు, ఆకాశము కనబడునట్లు ఒక చిత్రము తీసికొనుట మంచిది. చీకటి పడిన పిమ్మట కెమెరాను కదల్పక, ఎఫ్ 2.8 లేక అంతకంటె వెడల్పైన అపర్చర్, ఐ.ఎస్.ఓ. 1600, షట్టర్ 20 నుండి 30 సెకనులు ఉంచి ఒకదాని వెంట ఒకటిగా చిత్రములు తీయవలెను. బొత్తామును వ్రేలితో నొక్కిన కెమెరా కదలును గనుక రిమోట్‌నో, రెండు సెకనుల టైమర్‌నో వాడవలెను.

ఇచట విద్యార్థులు సాధారణముగ పొరబడు విషయమొకటి కలదు. మిణుగురు చుక్క వెలవెలగా వచ్చిన, షట్టరును ఇంకను ఎక్కువసేపు తెరచినచో ప్రకాశవంతమగునని అనుకొందురు. అట్లు కాదు. మిణుగురు మెరయునది సెకనులో కొంత భాగము మాత్రమే. ఆ వెంటనే అది చోటు మారును. ముప్పది సెకనులు తెరచినను ఆ చుక్కపై పడు కాంతి ఆ ఒక్క మెరుపుదే. సమయము పెంచిన చుక్కల సంఖ్య పెరుగును, వెనుకటి ఆకాశము తెల్లబారును, చుక్క మాత్రము అట్లే యుండును. చుక్క వెలుగు పెరుగవలెనన్న అపర్చర్‌ను వెడల్పు చేయవలెను, లేదా ఐ.ఎస్.ఓ. పెంచవలెను. ఈ ఒక్క సూత్రము తెలిసినవానికి సగము పని అయినట్లే.

సెల్‌ఫోనుగలవారు రాత్రి చిత్రములకు గల సదుపాయమును ఎంచుకొని, ఫోనును ఇటుకకు ఆనించి కదలకుండ నిలిపి, టైమర్‌తో తీయవచ్చును. మా విద్యార్థులలో ఒకడు తీసిన మంచి చిత్రము ఇట్టి ఇటుకపై నుండి వచ్చినదే.

పూవుపై వాలినదానిని చిత్రించుట

ఇది మరింత ఓర్పు కోరు పని. కూర్చున్న మిణుగురు కదలదు గనుక రెండు మూడు సెకనులలోనే దాని దీపము చక్కగా పడును. కాని గాలికి పూవు ఊగును. గాలి నిలిచిన క్షణము కొరకు వేచియుండవలెనే గాని కాడను పట్టుకొనరాదు, పురుగును త్రోయరాదు, పట్టి తెచ్చి పూవుపై పెట్టరాదు. అట్లు పెట్టి తీసిన చిత్రము పూవును గూర్చి అబద్ధము చెప్పును.

మిణుగురు వెలుగులో పూవు రంగును చూచుటయు ఒక పాఠమే. ఈ కాంతి పసుపు కలిసిన ఆకుపచ్చనిది. దాని తరంగదైర్ఘ్యము చాల జాతులలో 550 – 580 నానోమీటర్ల నడుమ ఉండును. వస్తువు తనపై పడిన కాంతినే తిరిగి పంపగలదు. కనుక తెల్లని తుమ్మిపూవు ఆ వెలుగులో లేత ఆకుపచ్చగ కనబడును. గడ్డి చామంతి నడిమి పసుపు చక్కగా వెలుగును. ఊదారంగు వెంపలిపూవు మాత్రము మసకబారి నల్లనిదగును. విద్యార్థులు దీనిని లోపమని తలచి కంప్యూటరుపై రంగులు సవరించరాదు. మిణుగురు దీపమున పూవు అట్లే ఉండును.

పురుగు ఆకారము, తలను కప్పిన డాలు వంటి పెంకు, రెక్కల అంచులు కనబడవలెనన్న మరునాటి ఉదయము రావలెను. మంచు తడితో ఆకు క్రిందనో, పూగుత్తి మొదటనో నిద్రించుచుండును. అప్పుడు సూర్యకాంతి చాలును. నీడ పడిన వైపు తెల్లకాగితమును పట్టిన వెలుతురు సమముగ పడును. రాత్రి చిత్రమును, పగటి చిత్రమును ప్రక్కప్రక్కన ఉంచిన అదియే పూర్తి పాఠము.

చిత్రము సత్యము చెప్పవలెను

వేలకొలది చుక్కలతో నిండిన మిణుగురు చిత్రములను చూచి, ఒక్క క్షణమున అన్ని పురుగులు అచట ఉన్నవని పలువురు భ్రమపడుదురు. అవి చాలవరకు అనేక చిత్రములను ఒకటిగా కూర్చినవి. కూర్చుట తప్పు కాదు, దాచుట తప్పు. తమిళనాడులోని ఆనమలై అడవుల మిణుగురులను చిత్రించిన శ్రీరామ్ మురళి లండన్ నగరపు నేచురల్ హిస్టరీ మ్యూజియం నిర్వహించు వన్యప్రాణి ఛాయాగ్రహణ పోటీలో 2023లో బహుమతి పొందెను. అది 19 సెకనుల చొప్పున తీసిన 50 చిత్రముల కూర్పనియు, అందున్నది 16 నిముషముల మెరుపులనియు బహిరంగముగా చెప్పబడినది. మన విద్యార్థులును చిత్రము క్రింద ఎన్ని కూర్చితిరో, మొత్తము ఎంతసేపో వ్రాయవలెను. స్థలము గురుతులు మాత్రము అతి వివరముగా చెప్పకుండుట మేలు. మహారాష్ట్రలోని భండార్‌దరా, పురుషవాడి ప్రాంతములకు వానలకు ముందటి వారములలో మిణుగురులను చూచుటకు జనము తండోపతండములుగా పోవుచుందురు. వాహనముల దీపములే అచటి మిణుగురులకు ఇబ్బంది కలిగించుచున్నవి. అమెరికాలోని గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ ఉద్యానవనమున ఒకే లయలో మెరయు మిణుగురుల ఋతువులో చూపరులను లాటరీ తీసి పరిమితముగ అనుమతించుచున్నారు. టార్చికి ఎర్రని లేక నీలి సెల్లోఫేన్ కాగితము చుట్టి నేలవైపే పట్టవలెనని నియమము పెట్టిరి.

ఒక విన్నపము

ఇంతవరకు విద్యార్థులకు చెప్పితిమి. ఇక కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపము. వెనుక గోడ దీపమును విద్యార్థుల క్షేమము కొరకే పెట్టిరి. అది అనవసరమని మేము అనుట లేదు. రాత్రివేళ చదువుకొని హాస్టలుకు పోవు విద్యార్థినులకు బాటలో వెలుతురు ఉండియే తీరవలెను. కాని ఆ దీపము నేడు బాటపై కంటె కాలువ వైపునే ఎక్కువగా పడుచున్నది. దానికి ఒక రేకు మూతి పెట్టి క్రిందికి వంచిన బాటకు వెలుతురు తగ్గదు, గడ్డికి చీకటి దక్కును. రెండవది, కాలువ వెంట పది అడుగుల మేర గడ్డిని వానకాలము ముగియువరకు కోయింపకుండ, మందు చల్లింపకుండ విడువవలెను. ఖర్చు ఒక రేకు ముక్క మాత్రమే.

చాచా చూపిన ఆ రెండు సగములను వచ్చు జూన్ మాసమున కమిటీ పెద్దలు స్వయముగ వచ్చి చూడవలెనని మా కోరిక. మూతి పెట్టిన తరువాత వెలుతురు సగములోనికి మిణుగురులు తిరిగి వచ్చునో రావో విద్యార్థులు రాత్రికి రాత్రి లెక్కించి పుస్తకమున వ్రాసెదరు. వచ్చిన సంతోషము, రాకున్నను ఆ లెక్క నిజమైన లెక్కయే, వచ్చు సంచికలో దానిని అట్లే ప్రకటింతుము.

ఆ తుమ్మిపూవుపై మేము ఫ్లాష్‌తో తీసిన తొలి చిత్రమును పారవేయలేదు. తెలుగు శాఖ గదిలో గోడకు అంటించితిమి. మిణుగురు లేని ఆ మిణుగురు చిత్రమును చూచిన ప్రతి విద్యార్థియు కారణమడుగును. మొదట మన దీపము నార్పుకొనవలెనని అప్పుడు చెప్పుచున్నాము.